మొదటి రీడింగు

మూడుసార్లు కొలవాలి.
మొదటిది లెక్కలోకి రాదు.
రెండోదీ మూడోదీ కలిపి సగం చేసి
ఆ సగాన్నే మనిషి అని రాసుకోవాలి.
ట్రైనింగులో రెండ్రోజులు నేర్పింది ఇంతే,
మధ్యాహ్నం పులిహోర పొట్లం పెట్టి.

పెదజాలరిపేటలో నాకు నూట పన్నెండు గడపలు.
రెండేళ్ళకోసారి అవే గడపలు, అవే చేతులు.
భుజాన మెషీను, చంకలో ఫారాల కట్ట,
చెప్పుల్లో ఇసుక.

"అయిదు నిమిషాలు కదలకుండా కూచోవాలి,
కాలుమీద కాలు వెయ్యకూడదు, మాట్లాడకూడదు"
అంటే చోడిపల్లి కాసులమ్మ పడీపడీ నవ్వింది:
"అయిదు నిమిసాలు ఊరకుండాలంటే
నానెందుకమ్మా, నా పీనుగ సాలదా?"

ఆమె ముందు కవళ్ళ గంప.
దోసిలితో ఉప్పు చల్లుతూనే ఉంది.
పదిహేడో ప్రశ్న: రోజుకి ఎన్ని చెంచాల ఉప్పు వాడతారు?
మోచేతులు చాపి చూపించింది,
తెల్లగా పొలుసు కట్టినవి.
"సెంచాలేటి, మాపటేల ఈటిని నాకితే
కూరే అక్కర్నేదు."
నా ఫారం గడిలో రెండంకెలకే చోటు.

పట్టీ చుట్టాను. గాలి ఎక్కింది, దిగింది.
పైది నూట ఎనభై నాలుగు. కిందది నూట ఆరు.

రాత్రికే రావాల్సిన పెద్దకొడుకు బోటు
తెల్లారినా రాలేదట.
డాల్ఫిన్ కొండ మీద మబ్బు.
సావుకారు మనిషి అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళాడట.
ఇవేవీ నేను అడగలేదు. అడగడానికి ప్రశ్న లేదు.
పట్టీ బిగుస్తున్నప్పుడు
ఆమె కళ్ళు ఎటు తిరిగాయో చూశానంతే.
మిగతాది పక్కింటివాళ్ళు చెప్పారు.

మళ్ళీ కొలిచేలోగా, మూడో నిమిషంలో
సందు చివర పిల్లల కేకలు:
"వొచ్చీసింది! వొచ్చీసింది!"
ఆమె లేవలేదు. చెయ్యి పట్టీలో ఉంది కదా.
కాలి బొటనవేలొక్కటి
ఇసుకలోకి దిగి, ఆగింది.

నూట యాభై రెండు.
నూట నలభై ఎనిమిది.
సరాసరి నూట యాభై అని రాసి,
చీటీ ఇచ్చి పెద్దాసుపత్రికి వెళ్ళమన్నాను.

"మొదటిదాన్లో కంగారు ఉంటుంది,
మనం కొలిచేది కంగారుని కాదు"
అంటారు పద్మలోచన డాక్టరుగారు.
ఒక్కరిని చూడకమ్మా, వేలమందిని చూడు,
అప్పుడే గీత లేస్తుంది అంటారు.
నిజమే. మహారాణిపేటలో ఆ కంప్యూటరు ముందు
నేనూ చూశాను ఆ గీతని.
ఇరవై పెరిగితే గండం రెట్టింపు,
మరో ఇరవై పెరిగితే దానికి రెట్టింపు.
సింహాచలం మెట్లకైనా మధ్యలో చదును ఉంటుంది,
దీనికి లేదు.
ఆ గీత వల్లే రోజుకో బిళ్ళ పేటదాకా వచ్చింది.
కాసులమ్మ ఆ అట్టని కత్తెరతో సగానికి కోసి
ఆడపడుచుకిచ్చింది:
"దానికీ తల తిరిగిపోతందంట."

మూడో విడతకి వెళ్ళేసరికి
నా సంచిలో ఆమె పేరున పసుపు ఫారం.
మరణించిన తేదీ, స్థలం, సమయం.
ఫిషింగ్ హార్బరులో, గంప పక్కనే,
కూచున్నది కూచున్నట్టే అన్నాడు పెద్దకొడుకు.
"ఎన్ని గంటలకి?"
"ఏలంపాట ఇంకా మొదలవనేదు."
సుమారు నాలుగున్నర అని రాశాను.
ఆ రోజు మాట్లాడకుండా ఎంతసేపు కూచుందో
ఎవరూ చూడలేదట.

నా దగ్గర ఇంకో పుస్తకం ఉంది,
కిరాణా కొట్టువాళ్ళిచ్చిన పాత డైరీ.
అందులో మొదటి రీడింగులే రాస్తాను.
దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.
డాక్టరుగారికి చూపించలేదు.
అక్కడ కాసులమ్మ నూట ఎనభై నాలుగు,
పక్కన: బోటు.
ఇంకొకాయన నూట అరవై ఒకటి, పక్కన: కూతురి రిజల్టు.
కొన్నిటి పక్కన ఏమీ లేదు, తెలీలేదు.

మొన్న అదే గడపలో కోడలు ఎల్లాయమ్మ చెయ్యి చాపింది.
అదే గంప. ఉప్పు కొత్తది.
పట్టీ బిగుస్తుంటే సముద్రం వైపు చూసి,
అంకె వచ్చాక నావైపు చూసి
"ఇది లెక్కలోకి రాదు గదా?" అంది.

"రాదు" అన్నాను,
డైరీలో రాసుకుంటూ.