సెలిమేన్ రోలు

పునీత పాట్రిక్ పటం కింద
తెల్ల పళ్లెంలో పిండి కుప్పపోసి
మీద ఒక గుడ్డు నిలబెట్టేది మా అమ్మమ్మ సెలిమేన్.
పటంలో ఆయన పాదాల దగ్గర పాములు.
తరిమేస్తున్నాడంటాడు కెర్గోవా ఫాదర్.
ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరిస్తున్నాడంటుంది అమ్మమ్మ,
క్రియోల్‌లో,
ఫాదర్‌కి వినపడనంత గొంతుతో.

వాన రాని ఆ ఏడు
లియోగాన్ దారిన కంచరగాడిదల మీద పోలీసులొచ్చారు.
హైతీ అంతటా ఇదే పని అన్నారు.
ఊళ్లో మద్దెలలన్నీ చర్చి ముంగిట కుప్పపడ్డాయి.
మామయ్య దియొజుస్త్‌ది, తాతల నాటిది,
అన్నిటికంటే ఆలస్యంగా అంటుకుంది.
తోలు కాలుతుంటే కూర వండుతున్న వాసన.
కుక్కలు వచ్చి వరసగా కూచున్నాయి.
నేనూ గుటకలు మింగాను, దేవుడు క్షమించుగాక.

సువార్త మీద చేయివేసి
అందరూ వదిలేశామన్నారు.
అన్నవాళ్లకి ఒక కార్డు.
కార్డు లేకపోతే సత్ప్రసాదం లేదు,
బిడ్డకి జ్ఞానస్నానం లేదు,
శవానికి గంట లేదు.
అమ్మమ్మా అంది. గట్టిగానే అంది.
కార్డు రవికలో దోపుకుంది.

మర్నాటి నుంచి దంచడం మొదలెట్టింది.
మూడు పోట్లు. ఒక ఊపిరి. రెండు పోట్లు.
కొండ అవతలి నుంచి ఇంకో రోలు జవాబిచ్చింది,
చీకటి పడ్డాక ఏటి గట్టున మరొకటి.
రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకుందంటారు గానీ
మా ఊళ్లో
బూడిదైన మద్దెలే వచ్చి రోటితో చెప్పుకుంది.

"ఆదివారం పూట దంపుడేమిటి సెలిమేన్?"
"ఆకలి, ఫాదర్."
ఆయన సిలువ గుర్తు వేసి వెళ్లిపోయాడు.
నేను వంగి చూశాను.
రోట్లో ఒక్క గింజ లేదు.

ఇప్పటి ఫాదర్ మా కొండల మనిషే.
పూజలో కానుకలు తెచ్చేటప్పుడు
పీఠం పక్కనే మద్దెలలు మోగుతాయి.
ఎవరు నేర్పారని కుర్రాళ్లనడిగితే
నాయనమ్మల పేర్లు చెబుతారు.
వాళ్లలో ఒక్కరూ మద్దెల ముట్టుకుని ఎరగరు.

ఇక ఆ గుడ్డు సంగతి.
తెల్లారేసరికి మాయమయ్యేది.
గంట కొట్టే ఒరెస్త్ మీద అందరికీ అనుమానం,
మీసానికి పిండి ఉండేది మరి.
ఒక్కసారి మటుకు తిన్నది నేను.
పచ్చిదే, నిలబడే,
పెంకు అరటి పాదులో పాతేశాను.
ఆ రాత్రి కలలో పాము వచ్చింది.
కరవలేదు.
నా పక్కనే చుట్టచుట్టుకుని పడుకుంది.
అరవై ఏళ్లు దాటింది,
ఏ పాపసంకీర్తనంలోనూ ఇంతవరకూ చెప్పలేదు,
చెప్పుకోవాల్సింది ఎవరికో తేలక.