వీసమెత్తు

రాత్రి తొమ్మిదికి మింగినా.
ఇప్పుడు తెల్లారి తొమ్మిదికి పది తక్కువ.
ల్యాబు బెంచీ మీద చొక్కా చేయి మడిచి కూర్చున్నా,
జేబులో ఈ పూట మాత్ర.
నెత్తురు తీసిందాకా నోట్లో వేసుకోకూడదు.
అందరూ అన్నానికి పరగడుపుంటారు,
నేను మందుకు.

"మౌనాచారీ!" అని పిలిచి
నరం కోసం తడుముతాది షంషాద్.
ఊదా మూత గొట్టంలో రెండు మిల్లీలీటర్లు,
మంచుగడ్డల డబ్బాలో పది గంటల బస్సెక్కి
తిరుపతికి పోతాది.
ప్రొద్దుటూరులో దీన్ని తూచలేరంట.

నవ్వొచ్చింది మొదట్లో.
ప్రొద్దుటూరులో తూచలేనిది ఏముందప్పా!
గురిగింజకూ గురిగింజకూ తేడా చెప్పేటోడు మా నాయన.
ఫ్యాను ఆపి, ఊపిరి ఆపి,
ముక్కుపుడక రాయి కింది రేకు తూచినోణ్ణి నేను.
మిల్లీగ్రాము రాలితే
మా యామె చీపురు కోసం పరిగెత్తేది.

ఆ మిల్లీగ్రామును పది లక్షల ముక్కలు చేస్తే
అందులో ఒక ముక్క లెక్క నాది.
మిల్లీలీటరు నెత్తుట్లో అట్లాంటివి ఎనిమిదుండాల.
దిగితే, లోపలి కావలోళ్లు కళ్లు తెరుస్తారు.
ఎక్కితే, కాపాడే మందే కిడ్నీని కాలుస్తాది,
చేతులు వణుకుతాయి.

చేతులు.

పోయిన ఆషాఢంలో అంకె పదహారు.
పటకారు కొసన పూస మూడుసార్లు జారింది.
కుంపటి ఆర్పి, ఎవురికీ చెప్పక,
కొట్టు తలుపు దగ్గరికేసి
చీకట్లో వేళ్లు లెక్కపెట్టుకున్నా.

ఇది నాగరత్నక్క కిడ్నీ.
ఒకే కంచంలో కొర్రన్నం తిన్నోళ్లం.
అయినా నా నెత్తురు దాన్ని చూసి
"ఎవుర్నువ్వు, యాడిదానివి?" అంటాది.
కావలోనికి కునుకు పట్టాల, నిద్ర పట్టకూడదు.
నిద్రపోయినాడంటే
వీధిన పోయే దగ్గు కూడా ఇంట్లోకొస్తాది.

మైదుకూరు నుంచి అక్క ఫోన్.
"నాది బాగుండాదా?
దానిమ్మ తినొద్దన్నారు కదా, తినలేదు కదా?"
"లేదులేక్కా."
"నీ వంతూ నేనే తింటాండాలే!"

ఈ మందు మొదట మట్టిలో దొరికిందంట,
కంటికానని పురుగు చేసిందంట, డాక్టరు చెప్పినాడు.
ఆయనకు వింత.
నాకు మా బజారు గుర్తొచ్చింది:
కోడి కూయకముందే బంగారంగళ్ల ముందు దుమ్మూడ్చి
గంపలకెత్తి నీళ్లలో జాలించే ఆడోళ్లు.
వాళ్లనడుగు, మట్టంటే ఏందో.

దూది అదిమి పట్టుకొని మాత్ర మింగినా.
తొమ్మిదీ రెండు.
తిరుపతి అంకె రేపు సాయంత్రానికి గాని రాదు.
అందాకా నా గీటురాయి నాకుండాది.

కొట్టు తెరిచి, పీట మీద కూర్చొని,
కుడిచేయి చాచి
బొటనవేలి గోటి మీద గురిగింజ పెట్టినా.
ఎర్రగా, నల్లటి కంటితో
నన్నే చూస్తా నిలబడింది.

కుంపట్లో బొగ్గులేసినా.