ఖాళీ బండి తూకం

దరఖాస్తుల ఒక గడి: పని అనుభవం.
నిన్న రాత్రి సంది అండ్ల కర్సర్ నిలబడే ఉంది
కూలి పైసలకొచ్చిన హమాలి లెక్క, సప్పుడు చెయ్యకుంట.

మునుగోడు రోడ్డు మీద జిన్నింగ్ మిల్లు,
గేటు పక్క కాంటా గది నాది.
పత్తి బండి ఎక్కుతది, అంకె లేస్తది, చీటీ చింపుతా.
దించినంక ఖాళీ బండి మళ్ల ఎక్కుతది.
అండ్లకెల్లి ఇది తీసేస్తా.
మిగిలిందే రైతు.

రాత్రి తొమ్మిదికి ఫోన్ల కాలేజి.
గేటు లేదు, బెంచి లేదు.
నా పక్కన కూసునేటోడు అచ్చంపేటల ఉంటడు, ఇర్ఫాన్.
మూడేండ్ల సంది గొంతు ఎరుక, మొఖం తెల్వది.
మైకు ఆపుడు వానికి యాదికుండది,
డేటాబేసుల పాఠమంత
వాని ఇంటెనక నెమళ్ల అరుపులతోనే నేర్సుకున్న.

క్యాంపస్ ఉన్నోళ్ల కాడికి కంపెనీలే నడిసొస్తయట.
మాకు వచ్చింది ఒక్క మెయిల్.
వసుంధర మేడం పరిశోధనకు ఇద్దరు కావాలె:
"మీరు రోజూ చూసేది, ఎవరూ అడగనిది,
ఒక ప్రశ్న రాసి పంపండి."

నా తాన ఉంది ఒకటి, చీటీ బుక్కు అట్ట వెనక.
మల్సూర్ ట్రాక్టర్, అదే ట్రాలీ, ఖాళీది,
పొద్దున ఏడింటికి ఒక తూకం,
మిట్టమధ్యాహ్నం ఇంకో తూకం.
ముప్పై కిలోలు ఎక్కువ.
సల్లపూట నిండుగ ఎక్కి, ఎండపూట ఖాళీగ ఎక్కినోనికి
ముప్పై కిలోల పత్తి గాలిల కలిసినట్టే.
ఎండల ఎక్కి మాపటీలి దిగినోనికి కలిసొస్తది,
అది గూడ రాసిన.

"ఎండకు ఇనుము సాగుతది పిల్లా" అన్నడు సేటు.
ఎంత సాగుతదని అడగలే. రాసుకున్న.
రెండు సీజన్లు, రెండు వందల పద్నాలుగు వరుసలు.
డీజిల్ ఎంతుంది,
తాటిపత్రి తడిదా, ఎండిందా,
డ్రైవర్ దిగిండా, అండ్లనే కూసున్నడా.

మేడం శానాసేపు మాట్లాడలే, నెట్టు పోయిందనుకున్న.
"డ్రైవర్ సంగతి ఎవరు రాయమన్నరమ్మా?"
ఎవలు రాయమనలే మేడం.
మల్సూర్ లావుంటడు.

నిన్న సేటును సర్టిఫికెట్ అడిగిన.
"కాంటా కాడ నాలుగేండ్లు, నమ్మకస్తురాలు" అని రాసి
గట్టిగ ముద్ర కొట్టిండు, చాయ్ గూడ తెప్పించిండు.
ఆ కాయితం, ఈ పట్టిక
ఒక్క ఫైలులనే ఎక్కించాలె.
పట్టికల మిల్లు పేరు తీసి "క" అని పెట్టిన.
కాయితం మీద పేరు ఎట్ల తీయాలె?

పన్నెండున్నర. సీజన్ గదా, ఇంటికి పోలే.
గేటు బయట రేపటి బండ్లు వరుస కట్టినయ్.
మొదటి ట్రాలీల పత్తి మీద పండుకొని
ఎవలో దగ్గుతున్నడు.

గడిల ఒక్క ముక్క కొట్టిన:
ఖాళీ బండ్లు తూచిన.
ఇంకేమన్న రాయాల్నేమో, రేపు సూస్తా.

ఆ దగ్గేటాయనది ఏడింటికే ఎక్కుతది.
ఎప్పుడు దిగుతదో
రాసుకోవాలె.