మొల కొట్టకుండ

కిరాయికి దిగిన దినమే చెప్పిండు ఓనరు:
"మొన్ననే సున్నమేసిన. గోడకు మొల కొట్టొద్దు."
కొట్టలె. నాలుగేండ్లు.
దేవుని పటం గూట్లె కూసున్నది,
క్యాలెండరు కిటికీ ఊచకు యాలాడుతున్నది,
మా పెండ్లి ఫొటో ట్రంకుపెట్టెల బోర్ల పండుకున్నది.

కరీమాబాద్‌ల నాది పీకో ఫాల్ మిషిను.
చీరె అంచుల కొసలు, జాకిట్ల సంకముక్కలు,
లైనింగుల మిగిలినయి, తెగిన నాడాలు,
అన్ని ఒక సంచిల కుక్కి
కాళ్లకింద మెత్తగుంటదని పెడలు కాడ పెట్టుకున్న.
ఈ యేడు బంతిపూలు కిలో రెండొందల నలభై
అన్నది చౌరస్తాల ఆమె.
కాంటా దిక్కు చూసిన, ఆమె మొకం దిక్కు చూసిన,
మళ్లొచ్చిన.
ఆ రాత్రే సంచి కుమ్మరించిన.

బంతిపువ్వు కష్టం గాదు.
రెండేళ్ల వెడల్పు పేలిక, ఒక పక్క కుచ్చువట్టి
దారం గుంజితె అదే ముడుసుకుంటది,
చలికి కుక్కపిల్ల ముడుసుకున్నట్టు.
నారింజ రంగు అమరేశ్వరి బిడ్డ ఓణీల ఫంక్షన్‌ది,
పసుపు ఎవ్వరిదో యాదికి లేదు,
మామిడాకులు ఒక్క పాత లంగాల నుంచి నలభై రెండు ఎల్లినయి.
ఖర్చు: దారం రీలు పన్నెండు రూపాయలు.
సూది ఇరిగితె ఇంకో రెండు.
ఇరిగింది.

పాలపిట్ట సంగతి వేరే.
దసరానాడు దాన్ని చూడాల్నని
మా వాడోళ్లంత ఖిలా దిక్కు పోతరు,
కరెంటు తీగెల మీద కాకులను లెక్కవెట్టి వస్తరు.
రెక్కలకు బడిపిల్లల యూనిఫాం నీలం దొరికింది.
రొమ్ముకు మట్టిరంగు జాకిట్టు గుడ్డ,
కుట్టుమని ఇచ్చి మళ్ల రాని మనిషిది.
రెండేండ్లు చూసిన. ఆమె కొలతలు నా బుక్కుల ఇంకా ఉన్నయి,
పక్కన అడ్వాన్సు యాభై.
కత్తెర వెట్టేటప్పుడు ఒక్కసారి వాకిలి దిక్కు చూసిన.
కండ్లకు నలుపు నస్రీన్ పంపింది,
మండి బజార్ల బుర్ఖాలు కుడతదామె,
"గోరంత గుడ్డకు పైసలేంది" అన్నది.

లోపల నింపుడు కాడనే ఆగిపోయిన.
మా ఆయన ఎనుమాముల మార్కెట్ల హమాలి.
ఈ నెలల పత్తి దిగుతది.
జుట్టుకు, మీసాలకు, చెవుల వెంట్రుకలకు పత్తి,
రాత్రి ముసలోడై ఇంటికొచ్చి
పొద్దుగాల తానం జేసి వయసుకొస్తడు.
అంగీని పేపరు మీద దులిపిన.
ఒక దినం పిడికెడు, ఒక దినం చిటికెడు,
మొగులువట్టి బండ్లు రాని దినం ఏం లేదు.
తొమ్మిది దినాలకు పిట్ట కడుపు నిండింది.
"మార్కెట్ల తక్కువ వడ్డ పత్తి గిక్కడున్నదా" అని నవ్విండు.

కిటికీ ఊచ నుంచి ఫ్యాను కొక్కెం దాక నాడా గుంజి కట్టిన,
బంతులు, ఆకులు, నడుమ పిట్ట.
పండుగ మూడొద్దులు ఫ్యాను బంద్.
చలి మొదలైంది గద, నడుస్తది.

దసరా మాపటికి ఓనరు వచ్చిండు.
"కొమ్మాలూ" అని పిలుసుకుంట గడప దాటి
తల ఎత్తిండు.
చేతులు వాటికవే జోడైనయి,
నోట్ల ఏదో అనుకున్నడు, నాకినపడలె.
తర్వాత చేతులు దించి, కండ్లద్దాలు సదురుకొని
నాలుగు గోడల పొంటి తిరిగిండు,
మొల యాడున్నదో అని.

పండుగ ఎల్లిపోయింది. తోరణం మలిచి సంచిల వెట్టిన.
పిట్టను దించి చేతుల వట్టుకుంటె
రొమ్ము కాడ వేలికి గట్టిగ తగిలింది.
పత్తిగింజ. దులిపేటప్పుడు చూసుకోలె.
కుట్టు ఇప్పి తీద్దామని సూది వట్టిన,
బయట ఎవరో ఒర్రుతున్నరు, ఫాల్ అర్జంటట.
పిట్టను ఫ్యాను రెక్క మీద కూసోవెట్టి పోయిన.
ఎండకాలం దాక దానికేం తొందర లేదు.