పొక్లెయిన్ లింబాద్రి చెప్పిన లిబియా

దిగురా పిలగా,
ఫిరంగి మీద అట్ల గుర్రమెక్కినట్టు కూసోకు.
జగిత్యాల ఖిల్లా ఇనుము,
పొద్దుగాల ఎండనంత సాయంత్రందాకా దాచుకుంటది.

లిబియా అంటే నీకు పటంల పసుపుపచ్చ మచ్చ.
నాకు
రెండేండ్ల నాలుగు నెలలు,
ఇరవై టన్నుల పొక్లెయిన్,
టోబ్రుక్‌కు పడమర నీళ్ళ పైపుకు కందకం.
మిషను మీద పని అన్నడు కోరుట్ల ఏజెంటు.
వాడు చెప్పినదాంట్ల అదొక్కటే నిజం.

మొదటి బకెట్ల ఇసుక.
రెండో బకెట్ల ఇసుక.
మూడోదాంట్ల ఓ ఇనుప పళ్ళెం,
బోర్లేసిన రొట్టెల పెంక లెక్క.
ఫోర్మన్ హాజీ మబ్రూక్ చెయ్యి లేపిండు.
ఆ చెయ్యి గాలిల అట్లనే ఉన్నది
నేను మిషను బందుపెట్టేదాకా,
ఊపిరి గూడ బందుపెట్టేదాకా.

"జర్మనోళ్ళదో ఇంగ్లీషోళ్ళదో"
తర్వాత చాయ్ తాగుకుంట అన్నడు,
"పాతిపెట్టినోడు పోయిండు. తీసేటోడు రాలే.
ఎన్ని మిగిలినయో మా ఒంటెలకు ఎరుక."

సదువు రాదు ఆ ముసలాయనకు.
కానీ ఆ నేల మీదికి వచ్చిన దండులన్నిటినీ
చేతిల దండ గింజల మీద లెక్కవెట్టేటోడు.
నాలుగు గుర్రాల బండ్ల మీద ఎడారిల తిరిగిన పాతకాలపోళ్ళు,
రోమువాళ్ళు (వాళ్ళు పోయిన్రు గని
వాళ్ళ రాతి కమాను కింద మేకలు ఇంకా నీడకు పంటయి),
తూర్పు నుంచి అరబ్బు గుర్రాలు,
సముద్రం మీద తుర్కోళ్ళ తెరచాపలు.
గింజ గింజకు ఆగేటోడు.
ఇటలీ కాడికి రాంగనే
దండ తీసి జేబుల వేసుకునేటోడు.

"విమానంల నుంచి బాంబు మొట్టమొదలు పడ్డది
మా నేల మీదనే, తెలుసా లింబా?"
చేతితోని విసిరిండట, మారేడుకాయంతది.
వాళ్ళ తాత తల లేపి చూసి
ఇదేం పిట్టరా, ఎగురుకుంటనే గుడ్డు పెట్టింది
అనుకున్నడట.

ఇరవై ఏండ్లు కొండల పొంటి
గుర్రాల మీద కొట్లాడిన్రు వీళ్ళు.
వాళ్ళేమో మందను దొడ్లె తోలినట్టు
ఊళ్ళకు ఊళ్ళను ముండ్లకంచెల తోలిన్రు.
"ఆడనే మా మేనత్త..."
అని ఊకున్నడు హాజీ.
ఆ మాటను నేను తవ్వలే.

ఓ శుక్రారం సమాధుల తోటకు పోయిన.
తెల్లరాళ్ళు, వరుసలు, నారుమడి లెక్క శుభ్రం.
ఒక రాయి మీద మన దేశపోడు.
పేరు కూడవెట్టి సదివిన. ఊరు రాయలే.
పేరు ముందట సాపర్ అని ఉన్నది.
సాపరంటే ఏందని క్యాంపుల మద్రాసాయన్ని అడిగితే
పల్టన్ల మన్ను తవ్వేటోడు,
అందరికన్న ముందుగాల పోయేటోడు అన్నడు.
నాకు వాని జీతమెంతో అడగబుద్దయింది.

రెండో మాఘంల
వాళ్ళల్ల వాళ్ళకే తుపాకులు లేసినయి.
హాజీ చిన్నకొడుకు
మన పైపులు మోసిన టయోటా బండి మీదనే
పెద్ద తుపాకీ బిగించుకున్నడు.
వెల్డింగు చేస్తుంటే బోల్టులు పట్టుకున్నది నేనే.
చెప్తున్న, దాచుకోను.
పిలగాడు మంచోడు, నాకు అరబ్బీల అంకెలు నేర్పినోడు.
ఓడెక్కినంక సబ్బుతోని మూడుసార్లు కడిగిన,
చేతుల నూనె వాసన పోలే.
వాడు తిరిగొచ్చిండో లేదో
హాజీ నంబరు కలవదు.

ఇగ ఈ ఖిల్లా,
నక్షత్రం లెక్క మూలలు మూలలు.
ఫ్రెంచోళ్ళ నక్ష అంటరు.
చుట్టూ కందకం, అండ్ల పూడిక.
మున్సిపాలిటోళ్ళు పిలిచిన్రు, రేపటి నుంచి తీసుడు.
ఇక్కడ ఏం పాతిపెట్టలేదని నాకెరుకే.
అయినా మొదటి బకెట్ దించేటప్పుడు
ఎదురుంగ ఎవరో చెయ్యి లేపినట్టే ఉంటది.

ఆ పైపుల నీళ్ళొచ్చినయో లేదో
ఎవరన్న చెప్తె బాగుండు.

దిగు ఇగ.
తొడలు కాలుతయి.