మూడక్షరాల పొద్దు

బాదేపల్లి యార్డు కాంటా గదిల
కొత్త సిస్టం ఎక్కించిన మూడోనాడు,
ఊశన్న పల్లికాయ పన్నెండున్నరకొచ్చిందని
చీటీ కక్కింది మిషిన్.
బయట బస్తాల నీడ ఇంకా పొడుగ్గనే ఉంది.
టెండర్ డబ్బా నోరు తెరుచుకోనే ఉంది,
తెర మీద మాత్రం మూసిండ్రు.
లాటు రేపటి రేటుకు పోయింది.

ఇక్బాల్ పాలమూరు నుంచి బండి మీదొచ్చిండు,
హెల్మెట్ తియ్యకుండనే కూసున్నడు.
"తప్పు మిషిన్‌ది కాదు, పేరుది.
ఐ ఎస్ టీ.
మనకవే మూడక్షరాలు, ఇజ్రాయెల్‌కవే,
ఐర్లాండోళ్లకైతే ఉత్త ఎండకాలానికే.
పిలిస్తే ముగ్గురు పలుకుతరు.
ముందుగాల ఎవరు పలికితే వాళ్ల పొద్దు."

"అయితే మార్చాలె, మనకో కొత్త పేరు" అన్న నేను.

లెక్కల సుభద్రమ్మ అద్దాలు తుడుసుకుంట అన్నది:
"మారుస్తవు. ఇరవయ్యేండ్ల చీటీలనేం జేస్తవు?
బ్యాంకోళ్ల మిషిన్ కొత్త పేరు గుర్తువట్టకుంటే
పైసలు గేటు కాడనే నిలబడ్తయి.
మహబూబ్‌నగర్ అని బోర్డు రాసి ఎన్నేండ్లాయె?
కండక్టర్ ఇంకా పాలమూర్, పాలమూర్ అనే ఒర్రుతడు.
ఎవలికన్న బస్సు తప్పిందా?"

"బస్సుల మనుషులెక్కుతరు మేడం.
దీనికి ఒక్క పేరుకు ఒక్క ఊరే తెలుస్తది.
అసలు పేరే వద్దు, అంకె రాద్దాం:
కూడిక గుర్తు, అయిదు, ముప్పై."

అయిదు, ముప్పై.
నాకది బాకీ లెక్క ఇనొచ్చింది.
ఎవరి పొద్దు నుంచి తెచ్చినం
అయిదున్నర గంటల అప్పు?

గడప మీద ఊశన్న, చెవుల బీడి.
"అంబటేళ్లకొచ్చిన సారు.
అదొక్కటి రాయుండ్రి."

ఇక్బాల్ అప్పుడు హెల్మెట్ తీసిండు.
"రాయొచ్చు గాని తాతా,
అందరి అంబటేళ్ల ఒక్కటేనా?"

ఊశన్న ఆలోచన చేసిండు, నిజంగనే.
"కాదు బిడ్డ. గొర్లోళ్లది జర ముందు.
ఆడోళ్లది... పని ఒడిసినంక.
ఒడిస్తేనే."

పన్నెండుకు పది నిమిషాలుండంగ
సుభద్రమ్మ చీటీ మీది టైము కొట్టేసి
నీలి సిరాతోని తొమ్మిది అని రాసి, మొహరేసింది.
లాటు డబ్బాల పడ్డది.
అటెండర్ వచ్చి మూత బిగించిండు.

తెర మీద ఖాళీ గడిల
సన్న గీత మినుక్కుమంటుంది, ఏం పేరని.
ఇక్బాల్ వేలు ఎంటర్ మీద.

"ఆగు," అన్నది సుభద్రమ్మ, పెన్ను మూత పెట్టకుండనే.
"బయట ఇంకా నాలుగు బండ్లున్నయి."