పావు తిప్పు వెనక్కి

మూడింటికి కిక్కు కొడితే
బండి ముందు దగ్గుతుంది.
ఆనక ఇంజను ఎడమపక్క, లోపలెక్కడో
రేకు డబ్బాలో బఠాణీలు పోసి ఊపినట్టు
గలగలగల.
వేడెక్కితే సర్దుకుంటుందిలే అనుకుంటూ
ఏడాదిన్నర గడిపేశాను.

నెల్లిమర్ల నుంచి కోనాడ ఒడ్డుకి పోయి,
చంపావతి సముద్రంలో పడే చోట
కానాగంతలు, కవళ్ళు ఐసులో సర్దుకుని
పొద్దెక్కేలోగా తిరిగొచ్చే బండి అది.
ఉప్పునీరు కారి కారి
సైలెన్సరు పొట్ట చిల్లులు పడింది.

దాలినాయుడి దుకాణానికి బోర్డు లేదు.
జూట్ మిల్లు గేటు ఎదర
టైరు వేలాడే చోటే దుకాణం.
పాతికేళ్ళు మగ్గాల మధ్య నిలబడి
చెవులు అక్కడే వదిలేసి వచ్చాడు.
మనిషి మాట్లాడితే పెదాలు చూస్తాడు.
బండి మాట్లాడితే
పొడుగు స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద పెట్టి
పిడి దవడ ఎముకకి ఆన్చి
కళ్ళు మూసుకుంటాడు.

"కేమ్ చెయిను వదులైపోనాది బావూ.
దాన్ని తోసి పట్టుకునే టెన్షనర్లో స్ప్రింగుంటాది.
నానే సర్దుకుంతానని సెప్తాది.
సెప్తాది గానీ, సర్దుకోదు."

కొత్తది కొందామన్నాను.
"మల్లీ అదే స్ప్రింగు, అదే మాట."

లేతు మిషను తవిటినాయుడి చేత
అల్యూమినియం ముక్క తొలిపించాడు.
మధ్యలో బోల్టు, బోల్టుకి లాకునట్టు.
స్ప్రింగు లేదు, పళ్ళు లేవు,
మాటిచ్చేది ఏదీ లేదు.
మూడువందల యాభై. టీ ఖర్చు వేరు.

మేగ్నెటు కవరు విప్పి, గీతకి గీత కలిపి
పిస్టన్ని పైమెట్టు మీద నిలబెట్టాడు.
"ఇప్పుడు కిక్కు తన్నకు.
చెయిను పన్ను దాటిందంటే
వాల్వులెల్లి పిస్టన్ని ముద్దెట్టుకుంటాయి.
ఆ ముద్దుకి ఆరేలు."

పాతది ఊడి చేతిలోకి వచ్చింది.
వేలితో నొక్కితే లోపలికి పోయింది.
వదిలితే బయటికి రాలేదు.
కాసేపు ఇద్దరం దాన్నే చూశాం.

కొత్త బోల్టుని వేళ్ళతోనే తిప్పాడు.
"తగిలినాది."
నాకు తెలియలేదు,
అతని బొటనవేలికి తెలిసింది.

స్టార్టు చెయ్యమన్నాడు. గలగల.
స్పానరు ఒక వెంట్రుకవాసి.
గలగల సన్నబడింది.
ఇంకో వెంట్రుకవాసి.
ఆగింది.

చాలన్నట్టు చెయ్యెత్తాను.
అతని దవడ ఇంకా స్క్రూడ్రైవరు మీదే ఉంది.
"ఏడస్తంది," అన్నాడు.
నా రెండు చెవులకీ ఏమీ వినపడలేదు.
"సన్నగా. గైడుకి రాసుకుంతంది.
మిల్లులో గోగునార మరీ బిగిస్తే ఇలగే ఏడిసీది.
మద్దేన్నానికి తెగీది.
జీతంలో కోసీవోరు."

పావు తిప్పు వెనక్కి.
లాకునట్టు బిగించాడు.
ఒక్క పిసరు చప్పుడు తిరిగొచ్చి
ఇంజన్లో కూర్చుంది,
గాజుల చెయ్యేదో
పక్కగదిలో పిండి కలుపుతున్నట్టు.

"అదుండాల. నెలకోసారి రా.
ఇక దీనికి నువ్వే స్ప్రింగువి."

మర్నాడు మూడింటికి
వీధి కదల్లేదు. కుక్క ఒక కన్నే తెరిచింది.
వంతెన మీద, ఇన్నాళ్ళలో మొదటిసారి,
కింద చంపావతి నీళ్ళ చప్పుడు విన్నాను.
ఇసుక లారీదేమో, తెలీదు.

తిరిగొచ్చేసరికి ఏడు.
ఎదురింటి ఇడ్లీల అచ్చియ్యమ్మ
నడుం మీద చేతులేసుకుని నా గుమ్మంలో ఉంది.
"నీ బండి గోలకి లెగిసి పొయ్యి ముట్టించీదాన్ని.
ఇయాల అయిదున్నరకి తెలివొచ్చినాది.
షిప్టోళ్ళు కాళీ కడుపుల్తో ఎల్లిపోనారు.
ఏటి సేసినావు దాన్ని?"

బోల్టు చూపించాను.
వంగి, లాకునట్టుని వేలితో తడిమింది.
"కూసింత వదులు సెయ్యి."

స్పానరు జేబులోనే ఉంది.
తియ్యలేదు.
రెండు కానాగంతలు ఆవిడ గిన్నెలో వేసి,
రేపట్నించి మూడింటికి
నీ గేటు మీద స్పానరుతో
రెండు దెబ్బలు కొట్టి పోతానన్నాను.

"మూడు కొట్టు," అంది.
"రెండిటికి నాకు తెలివి రాదు."